ధరలకు కొలబద్ద వెతికిన మనిషి: ఇర్వింగ్ ఫిషర్

మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్ పేపరులో నేనొక పొరపాటు చేశాను. ప్రయోగాల రూపకల్పనకు పేరుపొందిన ఆర్. ఏ. ఫిషరూ, ధరల ఆదర్శ సూచీ చెప్పిన ఫిషరూ ఒకరే అనుకుని ధైర్యంగా రాసేశాను. మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. మొదటాయన ఇంగ్లండువాడనీ, రెండో ఆయన అమెరికావాడైన ఇర్వింగ్ ఫిషర్ అనీ, ఇద్దరికీ చుట్టరికం లేదనీ చెప్పారు. పోయింది ఒక్క మార్కే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఫార్ములా వచ్చు కదా, చాలుననుకున్నాను.

ఆ ఫార్ములా వెనుక మనిషిని వెతుక్కునే అవసరం మా ఇంటి గోడల వల్ల వచ్చింది. మా నాన్న ఒక మేస్త్రికి ఇల్లు ఒప్పందానికి ఇచ్చాడు. సరుకూ కూలీ అన్నీ కలిపి చదరపు అడుగుకి ఇంత అని మాట. గోడలు తలుపుల ఎత్తు దాకా లేచేసరికి పంట దెబ్బతిని డబ్బు ఆగింది, డబ్బుతో పాటు పనీ ఆగింది. ఏడాది దాటాక మళ్ళీ మొదలు పెడదామంటే మేస్త్రి పాత రేటుకి రానన్నాడు. ఇనప ఊచల ధర చూపించి నూటికి నలభై పెంచమన్నాడు. మా నాన్న సిమెంటు బస్తా ధర చూపించి నూటికి అయిదు కంటే ఒక్క రూపాయి ఇవ్వనన్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. ఇద్దరూ చెప్పింది నిజమే. అయినా ఒకరినొకరు మోసగాడనుకుని మాటలు మానేశారు. కప్పు లేని గోడల మధ్య రెండు నెలలు గడ్డి మొలిచింది.

ఇనుము ఒక దారిన, సిమెంటు ఒక దారిన, కూలి మరొక దారిన పోతుంటే మొత్తం మీద ఇల్లు కట్టడం ఎంత ప్రియమైందో ఒక్క అంకెలో చెప్పగలమా? ఫిషర్ తన జీవితంలో ఎక్కువ భాగం ఇలాంటి ప్రశ్న మీదే గడిపారు.

ఇర్వింగ్ ఫిషర్ 1867 ఫిబ్రవరి 27న న్యూయార్క్ రాష్ట్రంలోని సాగర్టీస్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. కొడుకు యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన 1884లోనే ఆయన క్షయతో మరణించాడు. పదిహేడేళ్ళ కుర్రవాడి మీద తల్లి, తమ్ముడి భారం పడింది. ఫిషర్ తోటి విద్యార్థులకు ట్యూషన్లు చెప్పి ఇల్లు నడుపుతూ, 1888లో తరగతిలో ప్రథముడిగా నిలిచారు.

ఆయన మొదట గణితం మనిషి. భౌతికశాస్త్రంలో మహామహుడైన విల్లార్డ్ గిబ్స్ దగ్గర చదువుకున్నారు. 1891లో యేల్‌లో అర్థశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి డాక్టరేటు ఆయనదే. ఆ పరిశోధనలో ధరలు ఎలా కుదురుకుంటాయో చూపడానికి నీళ్ళ తొట్లు, తేలే పాత్రలు, మీటలు కలిపి ఒక యంత్రం ఊహించారు. 1893లో దాన్ని నిజంగానే తయారు చేయించారు. ఒక తొట్టిలో మట్టం మార్చితే మిగిలిన తొట్లన్నీ కదిలేవి. ఏ ధరా ఒంటరిగా ఉండదని ఆయన కళ్ళారా చూపించాలనుకున్నారు. సైన్సు విద్యార్థినైన నాకు ఆయన మీద మొదట మమకారం పుట్టింది ఇక్కడే.

1893లోనే మార్గరెట్ హాజర్డ్‌తో వివాహమైంది. న్యూ హేవెన్‌లో ఆ దంపతులు కాపురం పెట్టిన పెద్ద ఇల్లు సంపన్నుడైన మామగారి కానుక. 1898లో ప్రొఫెసర్ అయ్యారు. ఆ ఏడే తండ్రిని తీసుకుపోయిన క్షయ తననూ పట్టుకుంది. కోలుకోవడానికి మూడేళ్ళు పట్టింది. అప్పట్నించి ఆయనకు కాలమంటే ఆత్రం. ఆరోగ్యసూత్రాల మీద రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. మద్యనిషేధం కోసం ఊరూరా తిరిగారు. జాతిని మెరుగుపరుస్తామనే యూజెనిక్స్ ఉద్యమంలో కూడా ముందు నిలిచారు. ఇది ఆయన జీవితంలో మచ్చ. గొప్పవాడు కదా అని దాన్ని దాచనక్కరలేదు.

ఆయన అసలు పని డబ్బు విలువ గురించి. మన ఊళ్ళలో పూర్వం ధాన్యం బదులిస్తే ఏ కుంచంతో కొలిచి ఇచ్చారో అదే కుంచంతో కొలిచి తీసుకునేవారు. కుంచమే ఏడాదికోసారి పెరిగి తరుగుతూ ఉంటే ఇచ్చినవాడో పుచ్చుకున్నవాడో మునిగిపోడూ? డబ్బు అలాంటి కుంచమే అని ఫిషర్ వాదన. 1911లో వెలువరించిన డబ్బు కొనుగోలు శక్తి గ్రంథంలో ద్రవ్యరాశి సిద్ధాంతాన్ని సమీకరణంగా నిలబెట్టారు. ధరల సూచీని బట్టి డాలరులోని బంగారం బరువును మార్చుతూ పోతే డాలరు విలువ నిలకడగా ఉంటుందని ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు గానీ, అందుకోసం నమ్మదగిన సూచీ కావాలన్న పట్టుదల మాత్రం ఆయనకు మిగిలింది.

ఆ పట్టుదల ఎందుకో ఆ కాలపు కట్టడాల లెక్క చూస్తే తెలుస్తుంది. అమెరికాలో ఇంజనీరింగ్ న్యూస్ రికార్డ్ అనే పత్రిక 1921లో నిర్మాణ వ్యయ సూచీని రూపొందించింది. 1913ని ఆధార సంవత్సరంగా తీసుకుని 100 అనుకుంటే, 1914లో ఆ సూచీ 89. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి 1920 వచ్చేసరికి 251. మళ్ళీ 1922లో 174. 1914లో ఒప్పందం రాసుకుని 1920లో కట్టినవాడు ఏమైపోవాలి? 1920 రేటుకి ఒప్పుకుని 1922లో డబ్బు చెల్లించినవాడి సంగతేమిటి? ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. కుంచం మారిపోయింది.

1922లో ఫిషర్ జర్మనీ వెళ్ళారు. అక్కడ మార్కు విలువ రోజురోజుకీ కరిగిపోతోంది. ఒక దుకాణంలో చొక్కా కొంటే, ఆ దుకాణదారు స్త్రీ తాను అన్యాయంగా లాభం తీసుకోవడం లేదని చెప్పుకుంది. మళ్ళీ అలాంటి చొక్కా తెచ్చుకోవాలంటే ఆయన ఇచ్చినంతా అయిపోతుందట. అయినా తాను కొన్నది తక్కువకే గనుక లాభం వచ్చిందనే నమ్ముతోంది. నిజానికి ఆమె నష్టపోతోంది, ఆ సంగతి ఆమెకు తెలియదు. రూపాయి రూపాయే అనుకునే ఈ భ్రమ గురించే ఫిషర్ 1928లో ఒక పుస్తకం రాశారు. అది చదువుతుంటే నాకు పాత రేటుకి కొన్న ఇటుకలు చూసి మురిసిపోయిన మా మేస్త్రే కనిపించాడు.

అదే 1922లో ఆయన మహాగ్రంథం, సూచీ సంఖ్యల నిర్మాణం గురించినది, వెలువడింది. అందులో 134 సూత్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఆయన అడిగిన పరీక్షల్లో ఒకటి చాలా తేలిక. సిమెంటు ధర రెట్టింపై 200 అయిందనీ, ఇటుక ధర సగమై 50 అయిందనీ అనుకుందాం. మామూలు సగటు 125. అంటే ధరలు నాలుగో వంతు పెరిగాయి. ఇప్పుడు కొత్త ధరలను 100 అనుకుని వెనక్కి చూడండి. సిమెంటు 50, ఇటుక 200, సగటు మళ్ళీ 125! ముందుకి పోయినా పెరిగింది, వెనక్కి వచ్చినా పెరిగింది. వెళ్ళిన దారిన తిరిగివస్తే బయలుదేరిన చోటికే చేరాలన్నది ఫిషర్ నియమం. మామూలు సగటు అక్కడే తప్పిపోయింది.

రెండో చిక్కు భారాలది. ఇంట్లో మేకులూ ఉంటాయి, ఊచలూ ఉంటాయి. రెండింటికీ సమాన గౌరవం ఇస్తే లెక్క చెడుతుంది. 1871లో లాస్పియర్ పాత పరిమాణాలను భారాలుగా తీసుకున్నాడు. 1874లో పాషే కొత్త పరిమాణాలను తీసుకున్నాడు. ధర పెరిగిన సరుకును జనం తగ్గించి వాడతారు గనుక మొదటిది సాధారణంగా కొంచెం ఎక్కువ, రెండోది కొంచెం తక్కువ చూపుతుంది. రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేదే ఆదర్శ సూచీ. వాల్ష్, పిగూ వంటివారు కూడా ఆ సూత్రాన్ని సూచించారు. దాన్ని తన పరీక్షలకు నిలబెట్టి గెలిపించినది ఫిషర్.

అయితే కట్టడాల పనిలో ఆదర్శ సూచీ నెలనెలా నడవదు. ఈ నెల ఎవరు ఎంత ఇనుము వాడారో ఎవరు లెక్కపెట్టగలరు? అందుకే ఇంజనీరింగ్ న్యూస్ రికార్డ్ సూచీలో 200 గంటల మామూలు కూలి, 2,500 పౌన్ల ఇనుము, వాటితో పాటు ఇంత సిమెంటు, ఇంత కలప అని ఒక బుట్ట నిర్ణయించుకుని, బుట్ట మార్చకుండా ధరలు మాత్రమే మార్చి చూస్తారు. భారాలు సరిగా వేస్తే మంచి సూత్రాలన్నీ దగ్గర దగ్గరి జవాబులే ఇస్తాయని ఫిషర్ కూడా గమనించారు. 1923లో ఆయన తన సొంత సంస్థ ద్వారా టోకు ధరల సూచీని వారం వారం పత్రికలకు అందించసాగారు. దాని ఆఫీసు ఆయన ఇల్లే.

ఇంతలో ఆయన కోటీశ్వరుడూ అయ్యారు. పేర్లున్న అంచులు పైకి కనబడేలా కార్డులు అమర్చే పద్ధతి ఒకటి ఆయన కనిపెట్టారు. ఆ వ్యాపారం 1925లో ర్యాండ్ కార్డెక్స్ కంపెనీలో కలిసింది. ధరల సూచీని బట్టి చెల్లింపు మారే బాండ్లను ఆ కంపెనీ అదే ఏడు జారీ చేసింది. అవి ఫిషర్ ఆలోచనకు తొలి ఫలం. కానీ ఆయన అప్పు చేసి మరీ షేర్లు కొన్నారు. 1929 అక్టోబరులో షేర్ల ధరలు ఇక దిగిరాని ఎత్తులో స్థిరపడ్డాయని ప్రకటించారు. ఆ నెలాఖరుకే మార్కెట్టు కూలింది. సుమారు కోటి డాలర్ల ఆస్తి పోయింది. దేశమంతా నవ్వింది. వదినగారి దగ్గర అప్పు చేయవలసి వచ్చింది. చివరికి మామగారిచ్చిన ఇంటిని యేల్ విశ్వవిద్యాలయం కొని, ఆయననే అద్దెకుండనిచ్చింది. ధరలను కొలవడంలో అంతటి వాడు తన అప్పును కొలుచుకోలేకపోయాడు. సూచీ నిన్నటి దాకా జరిగింది చెబుతుంది, రేపటి జోస్యం చెప్పదు. ఆ తేడా మరిచిపోతే ఫిషర్‌కైనా శిక్ష తప్పలేదు.

ఆయన గొప్పతనం ఆ తరువాతే తెలిసింది. 1933లో అప్పులూ, పడిపోయే ధరలూ కలిసి దేశాన్ని ఎలా ముంచుతాయో ఒక వ్యాసం రాశారు. 1929 నుంచి 1933 మొదటి వరకూ జనం ఆస్తులు తెగనమ్మి అప్పుల్ని నూటికి ఇరవై తగ్గించారు. కానీ ఆ అమ్మకాలతోనే ధరలు పడి డాలరు విలువ నూటికి డెబ్బై అయిదు పెరిగింది. 80ని 1.75తో గుణించండి, 140 వస్తుంది. అంటే తీర్చినకొద్దీ అప్పు నూటికి నలభై బరువెక్కింది. పంట ధర పడిన ఏడు బస్తాలకు బస్తాలు అమ్మినా బాకీ కదలని ఇంట్లో పెరిగినవాణ్ణి. ఈ లెక్క నాకెవరూ వివరించి చెప్పనక్కరలేకపోయింది. అప్పట్లో ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ, తరువాతి తరాల ఆర్థికవేత్తలు నెత్తిన పెట్టుకున్నారు.

ఫిషర్ 1935లో పదవీ విరమణ చేశారు. 1940లో భార్య పోయింది. 1947 ఏప్రిల్ 29న న్యూయార్క్‌లో ఎనభయ్యో ఏట కన్నుమూశారు. పోయిన ఆస్తి తిరిగి రాలేదు. ఆయన కోరిన పద్ధతి మాత్రం లోకమంతా పాకింది. మన మాస్టార్లకు వచ్చే కరువు భత్యం సూచీని బట్టే పెరుగుతుంది. మన కేంద్ర ప్రజా పనుల శాఖ కట్టడ వ్యయ సూచీలు ప్రకటిస్తుంది. దాని ఒప్పందాల్లో 10సీసీ అనే షరతు ఉంది. దీర్ఘకాలం నడిచే పనుల్లో సరుకు, కూలి ధరలు మారితే చెల్లింపు ఎలా మారాలో అది ముందే చెబుతుంది. పోట్లాట రాకముందే సాక్షిని కూర్చోబెట్టినట్టు.

మా ఒప్పందంలో అలాంటి వాక్యం లేదు. సంక్రాంతి సెలవుల్లో నేను మేస్త్రి నోటుపుస్తకం అడిగి తెచ్చుకున్నాను. పాత రేట్లలో మిగిలిన పని నూరు రూపాయలనుకుంటే కూలి 40, సిమెంటు 20, ఇటుక, ఇసుక, కంకర కలిపి 20, ఊచలు 20. ఆ రోజు ధరలు వేసి చూశాను. కూలి 44 అయింది. సిమెంటు 21. ఇటుక, ఇసుక, కంకర 22. ఊచలు 29. మొత్తం 116.

కాగితం ఇద్దరికీ చూపించాను. నలభై అడిగిన మేస్త్రికీ, అయిదు చాలన్న మా నాన్నకీ నచ్చలేదు. మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మూడోనాడు సెంట్రింగు చెక్కలు దిగాయి. ఆ పదహారు రూపాయల భారం మోయడానికి నాన్న మళ్ళీ అప్పు చేశాడు. లెక్క తేల్చగలిగాను గానీ డబ్బు పుట్టించలేకపోయాను కదా.

ఈమధ్య పశువుల కొట్టానికి గోడ పెట్టించాలని అదే మేస్త్రితో మాట్లాడుకున్నారు. నాన్న పాత డైరీ తీసి, రేటు కింద ఆనాటి సిమెంటు బస్తా ధర, క్వింటాలు ఊచల ధర, మనిషి కూలి రాయించి, ఇద్దరి సంతకాలూ పెట్టించాడు. ఫిషర్ పేరు ఆయనకు తెలియదు.