సెండా బెరెన్సన్

మన బాలికలు సాయంకాలములందాడు బాస్కెటుబాలు ఆటను స్త్రీలకు మొట్టమొదట నేర్పినవారిలో ముఖ్యురాలు సెండా బెరెన్సన్. ఈమె నేటి లిత్వేనియా దేశమందలి బుత్రిమోనిస్‌లో 1868వ సంవత్సరమున యూదుల యింట జన్మించెను. 1875లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి బోస్టను నగరమున నిలిచెను. బాల్యమునుండి ఆమె దుర్బలశరీర. సంగీతము నేర్వగోరియు, వెన్నునొప్పిచే పియానో యొద్ద కూర్చుండజాలక మానుకొనెను. దేహబలము కొఱకు 1890లో వ్యాయామ శిక్షణశాలలో చేరెను. తొలుత నది యామెకు రుచింపలేదు. క్రమముగా బలపడి, 1892 జనవరిలో నార్తాంప్టన్ పట్టణమందలి స్మిత్ స్త్రీల కళాశాలలో వ్యాయామోపాధ్యాయిని యయ్యెను.

ఆ పట్టణమునకు సమీపముననే, స్ప్రింగ్‌ఫీల్డులోని క్రైస్తవ యువజన సమాజపు శిక్షణశాలలో, జేమ్సు నైస్మిత్ గారు 1891 డిసెంబరులో ఈ యాటను కల్పించియుండిరి. దానిని గూర్చి చదివి, సెండా తన విద్యార్థినులకు నేర్పెను. 1893 మార్చిలో రెండవ సంవత్సరపు తరగతికిని మొదటి సంవత్సరపు తరగతికిని పోటీ జరిగెను. పురుషులకు ప్రవేశము లేదు. ఆరంభముననే యొక బాలికకు భుజపు కీలు తొలగెను. అయినను ఆట సాగి, పెద్ద తరగతివారు 5-4 లెక్కతో గెలిచిరి.

గెలుపు యావలో బంతిని పెనగులాడి లాగుకొనుటయు, నేర్పరి యగు నొక్కతెయే ఆటనంతయు నడపుటయు సెండాకు నచ్చలేదు. కావున మైదానమును మూడు భాగములు చేసి, ఎవరి భాగమున వారే యుండవలెనని విధించెను. బంతిని లాగుకొనరాదు; మూడు సెకండ్లకు మించి పట్టియుంచరాదు; మూడుసార్లకు మించి నేలకు గొట్టరాదు. 1901లో స్త్రీల నిబంధనలు ఆమె సంపాదకత్వమున గ్రంథముగా వెలువడెను.

ఇందొక విశేషము గలదు. బుట్టలో బంతి వేయగలవారు ఒక్క భాగమువారే. నడిమివారును, కాపువారును ఆట ముగియువఱకు ఎంత శ్రమించినను, లెక్కల పుస్తకమున వారి పేరెదుట శూన్యమే. కాని వారందింపని బంతి బుట్టను చేరుటెట్లు? మేమును చాలకాలము బంతి వేసిన బాలిక పేరు మాత్రమే వ్రాసితిమి. నేడైతే బంతి నందించినవారిని, గుఱి తప్పి వచ్చిన బంతిని పట్టినవారిని, ఎదుటివారి బంతిని గ్రహించినవారిని వేర్వేఱుగ లెక్కించుచున్నారు.

సెండా నిబంధనలందు లోపము లేకపోలేదు. స్త్రీలు శ్రమకోర్వలేరను ఆ కాలపు తలంపు వానిలో గొంత గలదు. పరుగెత్తగల బాలికకు గీత యడ్డమయ్యెను. 1938లో మూడు భాగములు రెండయ్యెను. 1971లో అమెరికా కళాశాలల బాలికలకు మైదానమంతయు లభించెను.

1911లో ఆమె ఆంగ్లోపన్యాసకుడగు హెర్బర్టు అబ్బటు గారిని వివాహమాడి స్మిత్ కళాశాలను విడిచెను. పిమ్మట 1921 వఱకు వేఱొక బాలికల పాఠశాలలో వ్యాయామము నేర్పెను. 1954లో కాలిఫోర్నియాలో మరణించెను. నైస్మిత్ గారి పేరిట వెలసిన క్రీడాకీర్తిమందిరమున 1985లో మొదటిసారిగ స్త్రీలను చేర్చినప్పుడు, వారిలో సెండా యొకతె.