మూసారాం అనబడిన రేమండ్ దొర

మన గ్రామములనుండి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి రోగులను తీసికొని వెళ్లువారు అనేకులు గలరు. అక్కడి పని ముగిసిన పిమ్మట ఎర్రగడ్డలో మెట్రో రైలెక్కి, అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా మలక్‌పేట దాటి పోయినచో మూసారాంబాగ్ అను స్టేషను వచ్చును. (ఎర్రగడ్డ దగ్గరనున్న మూసాపేట వేరు, పొరబడరాదు.) ఈ పేరు విన్నవారు ఎవరో రామభక్తుని తోట యనుకొందురు. కాని ఆ పేరుగలవాడు సముద్రము దాటి వచ్చిన ఫ్రెంచి దేశస్థుడు, మిషెల్ రేమండ్.

ఆయన 1755లో ఫ్రాన్సు దేశమునందలి గాస్కనీ ప్రాంతమున జన్మించెను. ఇరువది యేండ్లు నిండు వేళకు, 1775లో, సరుకులతో పుదుచ్చేరికి వచ్చెను. వర్తకము చేసి బ్రదుకవలెనని ఆయన తలంపు. అయితే ఆ దినములలో దక్షిణదేశమంతయు యుద్ధభూమి. త్రాసు విడిచి తుపాకి పట్టి, మొదట మైసూరు హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళములో చేరెను. తరువాత 1783లో బుస్సీ దొర యొద్ద పనిచేసెను. బొబ్బిలి యుద్ధము కథ విన్న ప్రతివానికి బుస్సీ పేరు తెలియును; ఆ బుస్సీయే వృద్ధుడై మరల వచ్చియుండెను. 1785లో ఆయన మరణించగా, రేమండ్ మరుసటి యేట హైదరాబాదు చేరి నిజాము అలీఖాను కొలువులో ప్రవేశించెను.

ఆరంభము మిక్కిలి చిన్నది. మూడువందలమంది సిపాయిలు మాత్రమే. వారికి సొంత తుపాకులు కూడ లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని యొద్ద ఒక్కొక్క తుపాకికి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చిరి! మనము పెండ్లిపందిటికి వంటపాత్రలు అద్దెకు తెచ్చినట్లున్నది గదా. అట్టి దళము పండ్రెండు సంవత్సరములలో దాదాపు పదునాలుగు వేల మంది సైన్యమాయెను. ఫిరంగులు పోతపోయుటకు ఆయన కట్టించిన కార్ఖానా ఫతే మైదానమునకు సమీపమున నేటికిని శిథిలముగా నిలిచియున్నది. ఆ పేటకు గన్‌ఫౌండ్రీ అను పేరు అందువలననే కలిగినది.

1795 మార్చిలో ఖర్దా యొద్ద మహారాష్ట్రులతో యుద్ధము జరిగెను. రేమండ్ పటాలములు నిలిచి పోరాడినవిగాని, నిజాము రాత్రివేళ వెనుకకు మరలుటచే గెలుపు చేజారెను. ఆ సంవత్సరమే నిజాము కుమారుడు ఆలీజా తండ్రి మీద తిరుగబడెను. రేమండ్ వెంటాడి అతనిని పట్టుకొనెను. హైదరాబాదుకు చేరకముందే ఆ రాకుమారుడు విషము త్రాగి చనిపోయెను. అబ్షాలోము కథ చదివినవారికి ఆ ముసలి తండ్రి స్థితి ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. జీతమునకు యుద్ధము చేయువాని పని ఇట్టిది. దానిని మెచ్చుకొనుమని నేను చెప్పను.

ఆ కాలముననే జాన్ పార్కర్ బాయిడ్ అను అమెరికా దేశస్థుడును కొన్నాళ్లు నిజాము కొలువులో సిపాయిలను నడిపి, తరువాత స్వదేశమునకు పోయి అక్కడ సేనాధిపతి ఆయెను. ఆయనను మనవారు మరచిరి. రేమండ్‌ను మరువలేదు.

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా మరణించెను. విషప్రయోగమని పుకారు పుట్టెను. ఆయనకప్పుడు నలుబదిమూడేండ్లయినను నిండలేదు. సెప్టెంబరు 1న నిజాము ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొనెను. అందులో ఫ్రెంచి దళమును తీసివేయుట ఒక షరతు. అక్టోబరులో, జీతము బాకీలు అందని సిపాయిలు తమ అధికారులనే నిర్బంధించిరి. ఇంగ్లీషు సేన చుట్టుముట్టగా, యుద్ధము లేకుండగనే అంత సైన్యమును ఆయుధములు క్రింద పెట్టెను. ఆయన కట్టిన సేన ఆయన వెనుక ఏడు మాసములు మాత్రము నిలిచెను.

సమాధి అస్మాన్‌గఢ్ సమీపమున గుట్టమీద నున్నది. నల్లరాతి స్తంభము, ఇరువదిమూడు అడుగుల ఎత్తు. దానిపై ఆయన పేరులోని జె, ఆర్ అను రెండు అక్షరములు తప్ప బిరుదులేవియు లేవు. మొస్యూ రేమండ్ అనుట నోరు తిరుగక హిందువులు మూసారాం అనిరి, మహమ్మదీయులు మూసా రహీం అనిరి. మూసా అనగా మన మోషే పేరే. ఆ ఫ్రెంచివానికి అది ఎట్లు అంటుకొన్నదో చూడుడు! ప్రతి సంవత్సరము ఆయన మరణదినమున సిపాయిలును జనులును అక్కడ చేరి దీపములు వెలిగించి ధూపము వేయుచుండిరి. రాజులకును దొరకని ఈ మన్నన కూలికి కత్తి పట్టిన పరదేశికి ఎట్లు దొరకెను? తన సిపాయిలయెడల దయగలవాడనియు, ఇచ్చుటలో చేయి ముడుచుకొననివాడనియు పెద్దలు చెప్పుదురు. సమాధి ప్రక్కనున్న స్తంభముల మండపము 2001లో కూలిపోగా మరల కట్టించిరి. గుట్ట చుట్టును ఇప్పుడు ఇండ్లు క్రిక్కిరిసినవి. క్రింద పేటలో బస్సులమీదను, దుకాణముల పలకలమీదను, రైలు స్టేషనుమీదను మూసారాం పేరు వ్రాసియున్నది.