పల్నాటి కోడిపందెం: 800 ఏళ్లు దాటినా తేలని పంచాయితీ.. ఇంతకీ నాయకురాలు నాగమ్మ చేసిన తప్పేంటి?

మ్యాచ్ ముగిసినా గొడవ ముగియదు. ఏ ఆటకైనా అభిమానుల తీరు అంతే. అమెరికాలో మిషిగన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల ఫుట్‌బాల్ జట్లు 1897 నుంచి తలపడుతున్నాయి. ప్రత్యర్థుల సైగలను మిషిగన్ జట్టు దొంగచాటుగా పట్టేసిందంటూ 2023లో పెద్ద దుమారమే రేగింది. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఆ గోలలో భాగమే. కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫ్యాన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత గెలుపులు, పాత మోసాలు, పాత కక్షలు.. కదిపితే చాలు, మళ్లీ మొదలు.

అయితే ఈ విషయంలో పల్నాడును మించింది లేదు. గురజాల, మాచర్ల జట్ల మధ్య జరిగిన ఒక్క పందెం గురించి ఇక్కడ ఎనిమిది శతాబ్దాలకు పైగా వాదులాడుకుంటూనే ఉన్నారు. అది కోడిపందెం. గెలిచింది నాగమ్మ. మోసం చేసి గెలిచిందన్న నింద మోస్తున్నదీ నాగమ్మే.

అసలు ఎవరీ నాగమ్మ? మంత్రి ఎలా అయింది? తెలుగునాట తెలివైన, మొండి ఆడమనిషిని ఇప్పటికీ నాయకురాలు నాగమ్మతో ఎందుకు పోలుస్తారు? వివరాల్లోకి వెళ్తే..

రెడ్డి ఇంటి ఆడపడుచు

నాగమ్మ 12వ శతాబ్దం మనిషి. పుట్టింది ఇప్పటి కరీంనగర్ ప్రాంతంలోని ఆరవెల్లి అని, తండ్రి రామిరెడ్డి అని జనం చెప్పుకునే కథ. చిన్నతనంలోనే పల్నాడులోని జిట్టగామాలపాడుకు, మేనమామ జగ్గారెడ్డి ఇంటికి వచ్చేసింది. ఆ ఊరు ఇప్పుడు దాచేపల్లి దగ్గరి గామాలపాడు. మేనమామ కొడుకుతోనే పెళ్లయింది. కొద్దికాలానికే భర్త పోయాడు.

ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదానికి ఇంటి మూలే దిక్కు. నాగమ్మ మూలన కూర్చోలేదు. సేద్యం చేయించింది. చదువు నేర్చింది. రాజనీతి, కత్తిసాము కూడా నేర్చుకుందని కథల్లో ఉంది. ఊళ్లో తగవులు ఆమె గడప దగ్గరికి వచ్చేవి.

అప్పటి పల్నాడును ఇప్పటి పల్నాడుతో పోల్చకూడదు. మిర్చి అప్పటికి మన దేశానికే రాలేదు. పోర్చుగీసు వాళ్లు దాన్ని తెచ్చింది ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైనే. సాగర్ కుడికాలువ లేదు. వానొస్తే పంట, లేకపోతే పస్తు. జొన్నకూడే భోజనం. అలాంటి నేల మీద నాలుగు గింజలు నిలవ చేసి, పదిమందికి అన్నం పెట్టగలిగిన మనిషికి పేరు రావడంలో వింతేముంది?

ఏడు గడియల మంత్రి పదవి

ఆమె జీవితం మలుపు తిరిగింది ఒక వేసవిలో. గురజాల రాజు పరివారంతో ఆ దారిన వచ్చాడు. మండుటెండ. మనుషులు, గుర్రాలు సొమ్మసిల్లిపోయే పరిస్థితి. నాగమ్మ చలువ పందిళ్లు వేయించి, అందరికీ నీళ్లు, భోజనం అందించింది. రాజు సంతోషించి ఏం కావాలో కోరుకోమన్నాడు.

ఆమె నగలు అడగలేదు. మాన్యాలు అడగలేదు. ఏడు గడియల పాటు మంత్రి పదవి అడిగింది. గడియ అంటే 24 నిమిషాలు. ఏడు గడియలంటే మూడు గంటలు కూడా నిండవు. అదెంతలే అని రాజు మాట ఇచ్చేశాడు. సమయం చూసుకుని ఆమె ఆ మాట వాడుకుంది. ఆ తర్వాత గురజాల కొలువులో నాగమ్మ మాటకు తిరుగు లేకపోయింది. కాకతీయ రుద్రమదేవి గద్దెనెక్కింది 1262లో. అంటే అంతకు దాదాపు 80 ఏళ్ల ముందే తెలుగునేల మీద ఒక ఆడమనిషి రాజ్యపాలన చక్కబెట్టిందన్నమాట.

రెండు జట్లు ఎలా పుట్టాయి?

పల్నాటి రాజులు హైహయ వంశీకులు. అనుగురాజు ఉత్తరాది నుంచి తీర్థయాత్రకు వచ్చాడని, సముద్ర తీరంలోని మోటుపల్లిలో అతని పాపం తీరిందని కథ. ఒకప్పటి ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడి నుంచి చందవోలు వెళ్లి, వెలనాటి చోళుల ఆడపడుచు మైలమాదేవిని పెళ్లాడాడు. పల్నాడు ఆమెతో పాటు అరణంగా వచ్చింది.

అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమాదేవి కొడుకు నలగామరాజు. మరో భార్య కొడుకు మలిదేవరాజు. తండ్రి పోయాక నలగాముడు గద్దెనెక్కాడు. పాత మంత్రి బ్రహ్మనాయుడు. కొత్తగా వచ్చింది నాగమ్మ. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడలేదు. చివరికి రాజ్యం రెండుగా చీలింది. నలగాముడు, నాగమ్మ గురజాలలో ఉండిపోయారు. మలిదేవుడు, బ్రహ్మనాయుడు మాచర్ల వెళ్లారు.

ఇద్దరు మంత్రుల దారులూ వేరు. బ్రహ్మనాయుడు వైష్ణవుడు. మాచర్ల చెన్నకేశవస్వామి ఆయన ఇలవేల్పు. కులాల గీతలు చెరిపేస్తూ అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. మాల కన్నమదాసును సేనానిని చేశాడు. నాగమ్మ శివభక్తురాలు. పాత కట్టుబాట్లవైపు నిలబడింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇప్పటి జనం మనసు బ్రహ్మనాయుడి వైపే మొగ్గుతుంది. అది న్యాయమే కూడా.

చిట్టిమల్లు వర్సెస్ శివంగి డేగ

ఇక అసలు పందెం. ఇరుపక్షాల మధ్య కోడిపందెం ఖాయమైంది. షరతు మామూలుది కాదు. ఓడినవాళ్లు ఏడేళ్ల పాటు రాజ్యం వదిలి వెళ్లిపోవాలి. బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు. నాగమ్మ పుంజు శివంగి డేగ. కోడిపందేల్లో రంగు, ఈక, నడక చూసి పుంజులకు పేర్లు పెట్టడం మనవాళ్లకు కొత్త కాదు. కాకి, డేగ, నెమలి.. ఆ పేర్లు సంక్రాంతి బరుల దగ్గర నేటికీ వినిపిస్తూనే ఉంటాయి.

మొదట చిట్టిమల్లుదే పైచేయి అయిందని, తర్వాత ఆట తిరగబడిందని గాయకులు పాడతారు. చిట్టిమల్లు పడిపోయింది. మాచర్ల ఓడింది. మలిదేవుడు, బ్రహ్మనాయుడు తమవాళ్లతో, ఆవులమందలతో అడవిబాట పట్టారు.

గొడవ మొదలైంది ఇక్కడే. నాగమ్మ ఏదో మాయ చేసిందన్నది మాచర్ల పక్షం మాట. మంత్రం వేయించిందని కొందరు, పుంజు దగ్గరే కిటుకు ఉందని కొందరు. గురజాల పక్షం జవాబు ఏంటి? అది మాత్రం ఎవరూ పాడలేదు. అసలు చిక్కంతా అదే.

ఓడినవాళ్ల కథే మిగిలింది

మామూలుగా గెలిచినవాళ్లు చరిత్ర రాస్తారంటారు. పల్నాడులో అది తలకిందులైంది. పందెం గెలిచింది గురజాల. కథ మిగిలింది మాచర్లది. ఈ కథను ద్విపదలో రాసిన కవిగా పేరున్న శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. అంటే పందెం జరిగిన రెండున్నర శతాబ్దాల తర్వాతి మాట. ఊరూరా తిరిగి ఈ కథ పాడిన వీరవిద్యావంతులు, పిచ్చగుంట్లవాళ్లు కొలిచేది కూడా బ్రహ్మనాయుడి వైపు వీరులనే. ఒక జట్టు అభిమానులే మైకు పట్టుకుని మ్యాచ్ మొత్తం చెబితే ఎలా ఉంటుందో నాగమ్మ కథ అలా తయారైంది.

కొన్ని ప్రశ్నలు మాత్రం అలాగే ఉండిపోయాయి. రాజ్యాన్ని ఒక పుంజు కాలికి కట్టింది నాగమ్మ ఒక్కతేనా? అంత తెలివైన బ్రహ్మనాయుడు ఆ షరతుకు ఎందుకు ఒప్పుకున్నాడు? చిట్టిమల్లు గెలిచి ఉంటే అడవిపాలయ్యేది నాగమ్మ కాదా? అప్పుడు ఆ గెలుపును మోసమని ఎవరైనా అనేవాళ్లా? పందెం ఇద్దరూ కట్టారు. పాపం మాత్రం ఒక్కరి ఖాతాలోనే పడింది. ఆ ఒక్కరూ మొగుడు లేని ఆడమనిషి కావడం యాదృచ్ఛికమేనా అన్నది ఇప్పటి పాఠకుడికి తట్టక మానదు.

అలా అని ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టడమూ కుదరదు. అడవిలో ఉన్న మాచర్ల వాళ్ల ఆవులమంద మీద దాడి ఆమె చేయించిందే అని కథ. అంతకంటే పెద్ద మచ్చ ఇంకొకటి ఉంది.

అలరాజు చావు.. ఆగని యుద్ధం

ఏడేళ్లు గడిచాయి. గడువు తీరింది కాబట్టి మా రాజ్యం మాకివ్వండంటూ మాచర్ల వాళ్లు రాయబారం పంపారు. వెళ్లింది అలరాజు. అతను పరాయివాడు కాదు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఆ అల్లుడు తిరిగి రాలేదు. విషం పెట్టి చంపారన్న నింద నాగమ్మ మీదే పడింది. అలరాజు భార్య పేరిందేవి భర్తతోనే ప్రాణం వదిలింది. కన్నకూతురి చావుతో నలగాముడి ఇంట్లోనూ ఏడుపే మిగిలింది.

ఇక సంధి మాట లేదు. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర, నాగులేరు ఒడ్డున రెండు సేనలు తలపడ్డాయి. దాయాదుల పోరు కాబట్టే దీనికి పల్నాటి భారతం, ఆంధ్ర కురుక్షేత్రం అన్న పేర్లు వచ్చాయి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, కొత్త పెళ్లికూతురు మాంచాలను వదిలి యుద్ధానికి వెళ్లి కూలిపోయాడు. కన్నమదాసు, మలిదేవుడు.. ఒకరి తర్వాత ఒకరు పోయారు. అటూ ఇటూ యువకులంతా తుడిచిపెట్టుకుపోయారు.

చివర్లో బ్రహ్మనాయుడిదే గెలుపు అంటారు. కానీ ఏం గెలిచాడు? కొడుకు లేడు, రాజు లేడు. నలగాముడినే మళ్లీ గద్దెనెక్కించి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. నాగమ్మను మాత్రం చంపలేదు. ఆడదాన్ని చంపరాదని క్షమించి వదిలేశాడని చెబుతారు. అలా నాయకురాలు కొలువు నుంచి, కథ నుంచి కూడా చప్పుడు లేకుండా తప్పుకుంది. వీరులకు గుడి కట్టారు. ఆమె కన్నుమూసిన చోటు ఏదో గట్టిగా చెప్పే పాట లేదు.

నష్టం ఇద్దరితో ఆగలేదు. పల్నాటి పోరుతో వెలనాటి చోళుల బలం కూడా సన్నగిల్లిందని చరిత్రకారులు చెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లకే తీరాంధ్ర కాకతీయుల చేతికి వెళ్లింది. దాయాదులు కొట్టుకుంటే మూడోవాడు లాభపడ్డాడు.

నేటికీ కారెంపూడిలో అదే పోరు

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.. ఇలా ఐదు రోజులు. వీరాచారవంతులు తమ ఊళ్ల నుంచి ఆయుధాలు మోసుకొస్తారు. నాగులేట్లో స్నానాలు, వీరుల గుడిలో పూజలు. నాలుగో రోజు కోడిపోరుకు జనం ఎగబడతారు. ఒక పుంజు బ్రహ్మనాయుడిది, రెండోది నాగమ్మది. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచే ఉన్నా, ఆ నాటి పందేన్ని గుర్తుచేసుకోకుండా పల్నాడుకు తిరునాళ్ల గడవదు.

సినిమా వాళ్లు కూడా ఈ కథను వదల్లేదు. 1947 నాటి పల్నాటి యుద్ధంలో నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా అక్కినేని నాగేశ్వరరావు కనిపించారు. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడైతే, భానుమతి నాగమ్మ. కన్నాంబ, భానుమతి అంతటి నటీమణులు కావాల్సి వచ్చిందంటేనే ఆ పాత్ర బరువు అర్థమవుతుంది. ప్రతినాయిక అన్నా సరే, ఆమె తెర మీదికి వస్తే చూపు తిప్పుకోలేం.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. మాచర్ల, గురజాల ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. రెండు వైపులా అవే పత్తి చేలు, అవే మిర్చి కల్లాలు. గొడవ పడటానికి రాజ్యం లేదు. అయినా కోడిపోరు నాడు ఎవరి పుంజు గొప్పదన్న మాట రాక మానదు. మాటలతో ఆగినంత కాలం ఆ సరదాలో తప్పు లేదు. ఆగకపోతే ఏమవుతుందో నాగులేరు ఒడ్డున నేలరాలిన ఆ కుర్రాళ్ల కథే చెబుతుంది. ఆ లెక్కలో నాగమ్మ ఒక్కతే దోషి కాదు. పందెం కట్టిన ఇద్దరూ ఓడిపోయారు.