యల్లాప్రగడ సుబ్బారావు గారి వైద్యవిద్యా సంకల్పము



నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల యువకులు పెక్కురు మమ్ము నొక ప్రశ్న యడుగుచుందురు. పగలెల్ల మిరపతోటలోనో, సున్నపుబట్టీయొద్దనో, మందులయంగడిలోనో పనిచేసి, రాత్రి రెండు గడియలు మాత్రము చదువ గలవాడు వైద్యవిద్య నాశింపవచ్చునా, లేక యాశ విడుచుట మేలా యని. ఇందుకు మా యుపదేశముకంటె నొక మహనీయుని చరిత్రమే మంచి సమాధాన మగునని తలచి, యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమును సంగ్రహముగ వ్రాయుచున్నారము. వారు పలనాటివారు కాకున్నను ఆంధ్రుల కెల్లరకు నాప్తులు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మ గారు. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్ల నమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచిరి. పెద్దలు వెనుకకు తోడ్కొనివచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నతపాఠశాలనుండి కృతార్థులైరి. అప్పటికే తోడివారు ముందుకు సాగిపోయిరి. తండ్రి గతించెను, ఇంట ధనము లేదు.

ఇంటరు ముగిసిన పిదప వారి మనసు సన్న్యాసమువైపు మొగ్గెను. తల్లి సమ్మతింపలేదు. రామకృష్ణ మఠమువారు వైద్యము నేర్చి రోగులను సేవింపుమని బోధింపగా మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. మిత్రులును, పిదప మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారును వ్యయము భరించిరి. ఈ సాయమే లేనిచో వారి సంకల్పము మనసులోనే యణగిపోయి యుండును.

అచటను విఘ్నములు తప్పలేదు. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రవైద్యశాలకు పోగా ఆచార్యునకు ఆగ్రహము కలిగెను, యం.బి.బి.యస్. పట్టమునకు మాఱుగా తక్కువదియైన యల్.యం.యస్. మాత్రమే లభించెను. మద్రాసు ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి. స్ప్రూ యను వ్యాధి వారి సోదరులను పొట్టన బెట్టుకొనెను. ఆ దుఃఖమే వారిని పరిశోధనకు పురికొల్పెను.

మామగారి తోడ్పాటుతోను, కాకినాడ మల్లాది సత్యలింగనాయకరు ధర్మసంస్థ యాదరముతోను 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. హార్వర్డులో చదువుచు పొట్టకై ఆసుపత్రిలో రాత్రి కూలిపని చేసిరి. రోగుల మలపాత్రలు కడుగుటయు నా పనిలోనిదే. అట్లు కాలము చిక్కించుకొని చదివినవారే ఫిస్కె గారితో కూడి 1925లో రక్తాదులందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరముల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటినును, ఏ.టి.పి.ని నిరూపించిరి. 1930లో డాక్టరు పట్టము నందిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన పిదప వారి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే యౌషధ మయ్యెను. బోదకాలు క్రిమిని చంపు హెట్రజాను, క్షీరరక్తవ్యాధి పసివారికి 1948లో తొలిసారి యుపశమనమిచ్చిన అమినాప్టెరిను, ఆరియోమైసిను వారి పర్యవేక్షణమున వెలువడినవి. 1948 ఆగస్టులో 53వ యేట వారు పరమపదించిరి.

ఇంతటి కీర్తికి చెల్లించిన మూల్యమును దాచుట న్యాయము కాదు. 1919లో వివాహమాడిన శేషగిరి గారిని విడిచి పోయినవారు మరల స్వదేశమునకు రాలేదు. పుట్టిన కుమారుని చూడకయే పోగొట్టుకొనిరి. ఒకరి విద్యకై మఱియొకరు జీవితమెల్ల నెదురుచూచిరి. కావున సంకల్పించు యువకుడు ఇంటివారి నడుగక నిశ్చయింపరాదు.

మా యభిప్రాయ మిది. కాలము స్వల్పమని యారంభమున వెనుదీయ నక్కఱలేదు. నీట్ పరీక్షకు గరిష్ఠ వయఃపరిమితి 2022లో తొలగింపబడినది. రాత్రి రెండు గడియలతో నొక యేడు పోయినను మఱు యేడు గలదు. కాని కళాశాలలో చేరిన పిదప నాలుగున్నర యేండ్ల చదువును, ఒక యేటి ఆసుపత్రి శిక్షణమును పూర్తికాలము కోరును. పగటి కూలి మానక అది సాగదు. ఆ యయిదున్నర యేండ్ల యన్నవస్త్రముల భారము విద్యార్థిది కాదు, మనది. సుబ్బారావు గారికి మిత్రులు, మామగారు, కాకినాడ దాతలు చేసినదానిని మన పలనాట నొక్కొక్క పోషకుడు ఒక్కొక్క విద్యార్థికి చేయ పూనుకొనుగాక! అపుడు మా యొద్దకు వచ్చు యువకునకు ధైర్యముగ చదువుమని చెప్పగలుగుదుము.