నటగురువు బళ్లారి రాఘవ

వార్షికోత్సవము సమీపించినపుడు మన తిరుమలగిరి బాలబాలికలు నాటకముల నభ్యసించుట పరిపాటి. ఆ యభ్యాసములలో తప్పు చేసినవారిని నలుగురిలో నవ్వుటయు, తప్పు చూపినవారిపై నలుగుటయు మేము పలుమారు చూచితిమి. ఒక్క మాటకు నొచ్చుకొని పాత్రనే విడిచినవారును గలరు. కావున తెలుగు రంగస్థలముయొక్క లోపములను చూపి దిద్దిన బళ్లారి రాఘవగారి జీవితమును సంగ్రహముగా వ్రాయ దలంచితిమి.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురమండలమందలి తాడిపత్రిలో జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, న్యాయశాస్త్రము చదివి, బళ్లారిలో న్యాయవాదిగా పేరుగాంచిరి. అయినను వారి మనస్సు నాటకముననే లగ్నమై యుండెను.

వారి మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించి, నాటకములు రచించి యాడించిన మహనీయులు. తెలుగు నాటకమున పాటలకు, పద్యములకు వారు ప్రాముఖ్య మొసగిరి. కాలక్రమమున నటులలో ఆ గానము మితిమీరెను. యుద్ధమునకు పోవు రాజును, పుత్రశోకమున మునిగిన తల్లియు దీర్ఘరాగము లాలాపించుచుండ, ప్రేక్షకులు మరల పాడుమని కేకలు వేయుచుండిరి. భావము పలుకవలసిన చోట గానము అడ్డుపడరాదని, సహజాభినయమే నటుని ధర్మమని రాఘవగారు బోధించిరి. పెద్దలు వేసిన బాటను గౌరవించుచునే అందలి ముండ్లను తొలగించుట అపరాధము కాదుగదా!

స్త్రీపాత్రలను పురుషులు ధరించుటనుగూడ వారు తప్పుపట్టిరి. తప్పుపట్టి యూరకుండక, కుటుంబస్త్రీలను రంగమునకు పిలిచి, శిక్షణ మొసగి, వారితో కలసి నటించిరి. కొప్పరపు సరోజినిగారు అట్టి శిష్యురాండ్రలో నొకరు. నాటకమాడు స్త్రీని లోకము నిందించు దినము లవి. గురువే వేషము ధరించి ప్రక్కన నిలుచుట ఆమె కెంతటి ధైర్యమో యూహింపవచ్చును.

ఇతరులకు నేర్పినవారు తాము నేర్చుట మానలేదు. నలువదియైదేండ్లు దాటి, కీర్తి గడించిన పిమ్మట ఇంగ్లండు మొదలగు దేశములకు పోయి, అచ్చటి నాటకకళను పరిశీలించిరి. 1936లో వారు దుర్యోధనుడుగా నటించిన ద్రౌపదీ మానసంరక్షణము చలనచిత్రము జనాదరణ పొందలేదు. అంతటి నటునకును ప్రేక్షకుల తీర్పు తప్పలేదు. అయినను వారు వెనుదీయక, 1939లో రైతుబిడ్డ చిత్రమున రైతు వేషము ధరించిరి. 1946 ఏప్రిల్ 16వ తేదీన దివంగతులైరి.

ప్రియ విద్యార్థులారా! తోటివాని తప్పు చెప్పునపుడు అతని పాత్రలోని లోపమునే చూపుడు, అతని రూపమును కులమును ఎత్తకుడు. మేలైన రీతిని మీరే చేసి చూపుడు. మీ తప్పు మీకు చెప్పినపుడు ఒక్క రాత్రి ఆలోచించి, మరునాడు మరల రంగమెక్కుడు. తలిదండ్రులును బిడ్డను మెచ్చుకొనుటతోపాటు మృదువుగా దిద్దుటను మరువకుందురుగాక. రాబోవు వార్షికోత్సవమున అలిగి పాత్రను విడిచిన విద్యార్థి యొక్కడును లేకుండినచో, ఈ చరిత్రమును వ్రాసినందులకు మేము ధన్యులము.