ఆఖరి బంతి దాకా

సంక్రాంతి వస్తే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు పల్లెల్లో కోసిన వరిమళ్లే క్రికెట్ మైదానాలవుతాయి. బౌలర్‌కు రెండు ఓవర్లు, మహా అయితే మూడు. బాగా కొట్టించుకుంటే కెప్టెన్ బంతి మరొకరికి ఇచ్చేస్తాడు. మొదలుపెట్టినవాడే చివరిదాకా వేసే ఆట ఒకటుండేదంటే మన పిల్లలు నమ్మరేమో!

అమెరికావారి బేస్‌బాల్ అలాంటిదే. అందులో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే వేసి ముగించడం వందేళ్ల క్రితం మామూలు సంగతి. 2022 నుంచి 2024 వరకు చూస్తే, అక్కడి పెద్ద లీగులో అది ఏడాదికి నలభై సార్లు కూడా జరగలేదు. ఆ పాత తరంలో దైవభక్తికి పేరుపడ్డవాడు క్రిస్టీ మాథ్యూసన్.

1880లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫ్యాక్టరీవిల్‌లో పుట్టాడు. కొడుకు బోధకుడు కావాలని తల్లి ఆశపడింది. అతడు ఆటగాడయ్యాడు గాని, ఆదివారం ఆడనని ఆమెకిచ్చిన మాట తప్పలేదు. 1900 నుంచి 1916 దాకా న్యూయార్క్ జెయింట్స్ జట్టులో ఉండి, మొత్తం మీద 373 విజయాలు సాధించాడు. 550 దాకా ఆటలు మొదలుపెట్టి, 430కి పైగా తానే ముగించాడు. దాని వెనక కిటుకు ఒకటుంది. ప్రతి బంతికీ బలమంతా ధారపోసేవాడు కాదు, గండం గడవాల్సిన చోటికి దాచుకునేవాడు. 'ఫేడవే' అనే తన ప్రత్యేకమైన బంతి చేతికి భారం గనుక ఆటకు పది పన్నెండుకు మించి వేసేవాడు కాదు.

1905 ప్రపంచ సిరీస్‌లో ఆరు రోజుల్లో మూడు ఆటలు వేసి, 27 ఇన్నింగ్స్‌లలో ఒక్క పరుగూ ఇవ్వలేదు. లోకం చెప్పుకునేది ఈ ఘనతనే. మనకు మాత్రం 1912 సిరీస్ ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. అప్పుడూ మూడు ఆటలు మొదలుపెట్టి మూడూ ముగించాడు, ఒక్కటీ గెలవలేదు. మొదటిది పదకొండు ఇన్నింగ్స్‌లు సాగి, చీకటి పడి సమంగా ఆగింది. రెండోది ఒక్క పరుగుతో పోయింది. చివరి ఆట పదో ఇన్నింగ్స్‌లో జట్టు ఒక పరుగు ముందుండగా, స్నాడ్‌గ్రాస్ చేతిలో పడ్డ బంతిని జారవిడిచాడు. కాసేపటికి మరో తేలిక బంతి ముగ్గురి మధ్య నేలపాలైంది. ఆట చేజారింది. అయినా ఆఖరి బంతి వేసింది మాథ్యూసనే.

మన తెలుగువాడూ ఒకడున్నాడు. సి.కె.నాయుడు తమ్ముడు సి.ఎస్.నాయుడు 1945 రంజీ ఫైనల్లో హోల్కర్ జట్టు తరఫున ఒక్క మ్యాచ్‌లోనే 917 బంతులు వేశాడు. ఆ జట్టు 374 పరుగుల తేడాతో ఓడింది! పౌలు భక్తుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో తన పరుగు పూర్తయిందన్నాడే గాని, ఎందరిని దాటాడో లెక్క చెప్పలేదు.

1916లో సిన్సినాటి జట్టు మేనేజరుగా ఉంటూ మాథ్యూసన్ ఆఖరిసారి బంతి పట్టాడు. తనను తప్పించే అధికారం తనదే. ఎనిమిది పరుగులిచ్చుకున్నా తప్పుకోలేదు, 10-8తో గెలిచి ముగించాడు.

1918లో సైన్యంలో చేరి, విషవాయువుల నుంచి కాపాడుకోవడం సైనికులకు నేర్పేందుకు ఫ్రాన్స్ వెళ్లాడు. శిక్షణలో తానూ ఆ వాయువు పీల్చాడు. తర్వాత క్షయ బయటపడింది. తమ్ముడు హెన్రీ 1917లోనే ఆ జబ్బుతో పోయాడు. మన ఏజెన్సీ పల్లెలకు క్షయ కొత్త కాదు. ఇప్పుడు సర్కారు దవాఖానాలో మందులు ఉచితం, మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు. దగ్గు తగ్గిందని రెండు నెలలకే మానేసేవారిని చూస్తూనే ఉన్నాం. మాథ్యూసన్‌కు ఆ మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. శరనాక్ లేక్ అనే కొండ ఊళ్లో విశ్రాంతి, చల్లగాలి, ప్రార్థన, అంతే. కాస్త కోలుకుని 1923లో బోస్టన్ జట్టుకు అధ్యక్షుడయ్యాడు. జబ్బు తిరగబెట్టింది, ఆ పని పూర్తి చేయలేకపోయాడు.

1925 అక్టోబర్ 7న, ఆ ఏటి ప్రపంచ సిరీస్ మొదలైన రోజునే, 45వ యేట ప్రభువు సన్నిధికి చేరాడు. మర్నాడు రెండు జట్ల ఆటగాళ్లూ చేతికి నల్ల గుడ్డ కట్టుకుని మైదానంలోకి వచ్చారు.