నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా

సన్నాయి యనిన మనకు పెండ్లిపందిరియే జ్ఞప్తికి వచ్చును. మాంగల్యధారణవేళ గట్టిమేళము మ్రోగగానే అక్షతలు చల్లుదుము. అంతకుముందు విద్వాంసుడు ఏ రాగము నాలపించెనో, దానిని ఎంత చక్కగా పోషించెనో విచారించువారు అరుదు. వాద్యము మంగళప్రదము, వాయించువాడు మాత్రము లెక్కకు రాడు. ఇట్టి స్థితిలోనున్న వాద్యమును చేపట్టి, సంగీతసభలలో విద్వాంసులు తలలూపునట్లు చేసిన మహనీయులలో షేక్ చినమౌలానా సాహెబు గారు ఒకరు.

వారు 1924 మే 12వ తేదీన ఒంగోలు సమీపమున గల కరవది గ్రామమున జన్మించిరి. ఒంగోలు ఆనాడు గుంటూరు జిల్లాలోనిదే. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. ఇంటివారు మహమ్మదీయులు. తరతరములుగా వారి వృత్తి దేవాలయములయందు సన్నాయి వాయించుట. ఇది దూరప్రాంతములవారికి వింతగా తోచవచ్చును గాని మనకు వింత కాదు. సాహెబుగారి మేళము లేనిదే స్వామి కల్యాణము జరుగని ఊళ్లు ఈ సీమలో ఎన్నియో ఉండెడివి. త్యాగరాజకీర్తన వాయించునపుడు ఆ కళాకారుని మతమేమని అడుగవలెనను తలంపు ఆ గ్రామస్థులకు కలిగియుండదు.

తండ్రి కాసిం సాహెబు గారే వారికి తొలిగురువు. పిదప చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు గారి యొద్ద విద్య నభ్యసించిరి. నరసరావుపేటకు సమీపమున నున్న చిలకలూరిపేట నేడు పల్నాడు జిల్లాలోనిది. నాదస్వరమునకు అది యొక పుట్టినిల్లు వంటిది.

ఈ వాద్యము ఎంత కష్టసాధ్యమో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. వీణకు మెట్లు కలవు. స్వరస్థానము కంటికి కనబడును. నాదస్వరమున వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు మాత్రమే. రెల్లుపీకపై పెదవుల ఒత్తిడి, ఊపిరి బలము, రంధ్రమును సగమో పాతికయో మూయుట, ఈ మూటి పొందిక చేతనే గమకములు పలుకవలెను. ఊపిరి కొంచెము తడబడిన స్వరము దారి తప్పును. వాయించువానికి తన చెవియే మెట్టు, తన చెవియే కొలత.

ఆంధ్రదేశమున పేరు సంపాదించిన పిదప చినమౌలానా గారు చేసిన పని యొకటి నా దృష్టిలో వారి జీవితమునకు కీలకము. తంజావూరు సీమలో టి. ఎన్. రాజరత్నం పిళ్లె (1898–1956) గారు తోడివంటి రాగములను గంటలకొలది విస్తరించి వాయించెడివారు. ఆ నాదము చినమౌలానా గారిని పట్టి లాగినది. ఆ బాణి తనకు రావలెనని వారు నాచ్చియార్‌కోయిల్ చేరి, రాజం, దొరైకణ్ణు సోదరులకు శిష్యులైరి. పేరు లేనివాడు గురువును వెదకికొని పోవుట సహజము. పేరు వచ్చినవాడు, అందును పరభాషాప్రాంతమున, మరల శిష్యుడై కూర్చుండుట సులభము కాదు. వచ్చిన బాణితోనే హాయిగా కాలము గడుపుకొనవచ్చును గదా!

1960 దశకమున వారు శ్రీరంగమున స్థిరపడిరి. రంగనాథునియందు వారికి అపారమైన భక్తి. శ్రీరంగాలయమున తురుష్కరాజపుత్రిక యని చెప్పబడు తులుక్క నాచ్చియారునకు ఒక సన్నిధి కలదు; ఆమె స్వామిని వలచి వచ్చినదని ఐతిహ్యము. అట్టి పురమున ఒక మహమ్మదీయ విద్వాంసుడు నివసించుట ఎంత ఉచితముగా నున్నది! అయినను తెలుగువాడనగుట చేత నాకు కొంత చింత కలుగుచునే యున్నది. పూర్తి కచేరీగా నాదస్వరమును వినగోరు సభలు, గంటలకొలది కూర్చుండి వినెడి రసికులు మన యొద్ద ఆ కాలమున మెండుగా నున్నచో వారు కావేరీతీరమునకు పోవలసిన అవసరము అంతగా ఉండెడిది కాదేమో. కృష్ణాతీరమున పుట్టిన విద్యకు కావేరీతీరమున పీట వేసిరి.

గౌరవములు వరుసగా వచ్చినవి. 1977లో పద్మశ్రీ బిరుదము, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము లభించినవి. వీనికంటె 1982లో శ్రీరంగమున వారు నెలకొల్పిన శారదా నాదస్వర సంగీతాశ్రమమే పెద్ద కార్యమని నా యభిప్రాయము. ఒక కుటుంబములో తండ్రి నుండి కుమారునకు సంక్రమించెడి విద్యకు దాని వలన బడి యేర్పడినది.

1999 ఏప్రిల్ 13వ తేదీన వారు పరమపదించిరి. మనుమలు కాసిం, బాబు గారలు వారి బాణిని కచేరీలలో నిలిపిరి. ఆంధ్రదేశము నుండి పోయి శ్రీరంగమున వారికి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. స్త్రీలు అరుదుగా చేపట్టెడి ఈ వాద్యమును కాలీషాబీ గారు భర్త ప్రక్కనే కూర్చుండి, సరిసమానముగా, నిండు సభలలో వాయించిరి.